చప్పుడు లేని బండి

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి ప్రమీలమ్మ ఉలిక్కిపడి చేతిలోని పాలగిన్నె జారవిడిచింది.

"ఏమప్పా ఇది! హారన్ కొట్టగూడదా?" గుండె మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగింది. "ఈపు మీదికొచ్చి నిలబడేదాకా తెలీనే ల్యా. సప్పుడు ల్యాని బండ్లెక్కి తిరగొద్దప్పా. ముసిలోల్లుండారు ఈదుల్లో."

జ్ఞానేశ్వర్ ఎలక్ట్రిక్ స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. పాలు దుమ్ములో ఇంకిపోతున్నాయి.

అతని చొక్కా జేబులో ఒక కాగితం ఉంది. ప్రమీలమ్మ చేత సంతకం చేయించుకుని సీఐ దావీదురాజుకు అప్పగించాల్సిన వాఙ్మూలం. 'గురువారం మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర వరకు మా వీధిలోకి ఏ బండీ రాలేదు' అని అందులో రాసింది జ్ఞానేశ్వరే. ఆ మాట పట్టుకుని శనివారం తన రిపోర్టులో ఇంకో మాట రాశాడు. 'బయటివాళ్ళు వచ్చిన ఆనవాలు లేదు. ఆ సమయంలో అక్కడ ఉండగలిగింది వాచ్‌మన్ ఒక్కడే.' ఆ సాయంత్రమే వాచ్‌మన్ గోపన్నను పోలీసులు పట్టుకుపోయారు.

"అమ్మా, గురువారం బండి రాలేదని మీరు కళ్ళతో చూశారా?"

"చూసేదెట్లప్పా? ఎండకు తలుపులు మూసుకొని లోపలుండా. రెండుకు కరెంటు పాయె. ఫ్యాను ల్యాకపోతే నిద్ర యాడొస్తాది? సైకిల్ బెల్లు మోగినా నాకు వినపడేది. ఏ సప్పుడూ రాలే."

"అంటే, మీకు వినపడలేదు. అంతే."

"వినపడలే." ఆమె వంగి గిన్నె తీసుకుంది. "రాలేదని రాసుకున్యది నువ్వే గదప్పా."

జేబులోని కాగితం బయటికి తియ్యకుండానే జ్ఞానేశ్వర్ బండి తిప్పాడు.

ప్రమీలమ్మ ఇంటికి ఎదురుగా, ఇంకా కడుతూ ఉన్న రెండంతస్తుల ఇల్లు కేశవయ్యది. కర్నూల్లో పెద్ద టైల్స్ షాపు అతనిది. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు డ్రైవర్ అతన్ని కారులో అక్కడ దింపి వెళ్ళాడు. రెండూ ఐదుకు అతను భార్య శ్రీవిద్యకు ఫోన్ చేసి, కల్లూరులో కొత్తిల్లు దగ్గరున్నానని చెప్పాడు. నాలుగింటికి గోపన్న చూసేసరికి అదే ఇంట్లో, మెట్ల పక్కన పేర్చిన గ్రానైట్ బండల మీద తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. చొక్కా గుండీలు రెండు తెగిపోయాయి. పెనుగులాట జరిగిందనీ, పైనుంచి ఎవరో తోశారనీ డాక్టరు తేల్చాడు.

శుక్రవారం శ్రీవిద్య జ్ఞానేశ్వర్‌ను పిలిపించింది. కేశవయ్య షాపులో వచ్చినవాళ్ళకు టైల్స్ చూపించే ఉద్యోగం చేసే సుచరితకు భర్తగా అతను ఆమెకు తెలుసు. కడపలో సీఐగా పని చేశాడనీ, ఇప్పుడు కర్నూల్లో ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాడనీ కూడా తెలుసు. పోలీసు ఉద్యోగం ఎందుకు పోయిందని మాత్రం ఆమె అడగలేదు. అడగనందుకు అతను మనసులో ఆమెకు దండం పెట్టుకున్నాడు.

మూడేళ్ళ కింద కమలాపురం రోడ్డులో, తాగి జీపు నడుపుతూ, పొలం పని నుంచి ఇంటికి పోతున్న కృపమణి అనే ఆమెను గుద్దేశాడు. ఆమెకు కాలు పోయింది. అతనికి ఉద్యోగం పోయింది, డ్రైవింగ్ లైసెన్సు పోయింది. లైసెన్సు అక్కర్లేకుండా నడిపే బండి ఈ ఎలక్ట్రిక్ స్కూటర్ ఒక్కటే. నంబరు ప్లేటు ఉండదు. గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లు దాటదు. రోజూ ఇంటి నుంచి పాత బస్టాండు దగ్గరి ఆఫీసుకు దీని మీద పోతుంటే సైకిళ్ళ మీద బడికి పోయే పిల్లలు పందెం వేసుకుని మరీ దాటిపోయేవాళ్ళు. పాత కానిస్టేబుల్ ఎవరైనా ఎదురొస్తే ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

రెండేళ్ళుగా రోజూ ఎక్కి తిరుగుతున్న బండికి చప్పుడు లేదన్న సంగతి, కావలసిన రోజున అతనికే తట్టలేదు. శుక్రవారం ఈ వీధికి దీని మీద వచ్చి ఉంటే ప్రమీలమ్మ ఆ రోజే ఉలిక్కిపడేది. ఆ రోజు బ్యాటరీ దారిలోనే అయిపోయింది. బండిని మెకానిక్ దగ్గర వదిలి షేర్ ఆటోలో వచ్చాడు.

పది గంటలకు స్టేషన్ చేరాడు. ప్రహరీ గోడ నీడలో గోపన్న భార్య ఈరక్క గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచి నిలబడింది.

"సార్, మా ఆయప్ప చెయ్యి వాచిందంట. కట్టన్నా కట్టిచ్చమని చెప్పండి సార్. మూడు దినాలాయ."

గోపన్నను లోపల వేయించిన రిపోర్టు ఎవరు రాశారో ఆమెకు తెలియదు. జ్ఞానేశ్వర్ ఆమె ముఖం చూడకుండా "సరే" అని లోపలికి నడిచాడు.

గోపన్న అరెస్టు ఇంకా పుస్తకాల్లో చూపలేదు. యాభై దాటిన మనిషి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడి మణికట్టు బెల్లం ముద్దలా ఉబ్బింది. జ్ఞానేశ్వర్ కానిస్టేబుల్‌ను బయటికి పంపి, అతనికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గోపన్నా, గురువారం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా యాడ పోయింటివి?"

"యాడికీ పోలే సార్."

"పోలేదంటే చంపింది నువ్వే అని రాస్తారు."

"రాసుకోనీ."

"చెయ్యి విరిగినా చెప్పలేదు. ఎవర్ని కాపాడుతాండావు?"

గోపన్న తల అడ్డంగా ఊపాడు.

"ఇట్ల చూడు. నువ్వీడ ఉండేది నా వల్ల. ఆ రిపోర్టు రాసింది నేనే. తప్పు రాసినా."

గోపన్న కాసేపు అతని వంక చూశాడు. "మీరు సదువుకున్యోల్లు సార్. సూసే రాసింటారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే జ్ఞానేశ్వర్ తట్టుకోలేకపోయాడు. "ఈరక్క బయట కూర్చోనుంది. ఆమె కోసమన్నా..." అని కొంచెం గట్టిగా అన్నాడు.

"మెల్లిగా సార్!" గోపన్న మంచి చేత్తో అతని మోకాలు పట్టుకున్నాడు. "అది వింటాది."

"ఏం వింటాది?"

గోపన్న గోడవైపు తిరిగాడు. గోడకే చెప్పాడు.

"సర్చి కాడ పెండ్లి అన్నం తినేకి పోయినా సార్. ఎవురూ పిలీలే. మేస్త్రీ గేటు కాడ సిమెంటు ఏసి కూలోల్లతో ఎల్లిపాయె. అప్పుడు ఒకటిన్నర. కేశవయ్య సారు పైనుండాడు గదా అని ఉతికిన సొక్కా ఏసుకొని పోయి, రెండు దాటినంక బంతిలో కూసున్యా. ఏసుబాబంట, ఆ సర్చి పెద్దాయన. దగ్గరికొచ్చి, ఎవురి తరపప్పా అన్యాడు. పిల్లోని తరపని అబద్ధం సెప్పినా. ఆయప్ప నవ్వి, ఇంకో రెండు ముక్కలు ఏపిచ్చినాడు."

"ఈ మాట చెప్పడానికేనా ఇంత..."

"పత్తికొండ కాడ ఏడెకరాలుండె సార్ మాకు. నా పెండ్లికి మూడూర్లోల్లు మా వాకిట్లో తిన్యారు. వానల్యాక, బోరు ఎండి, ఈడికొచ్చి కావలి కాస్తాండా. సరే. కానీ ఆ దినం ఇంట్లో ఈరక్క పొద్దున్నుంచి పస్తుండాది సార్. దాన్ని ఇడిసిపెట్టి నేనొక్కణ్ణే పోయి తింటి. అది తెలిస్తే దాని మొగం నేనెట్ల సూసేది?"

జ్ఞానేశ్వర్ గొంతు తగ్గించాడు.

"పెండ్లిలో వీడియో తీసినారా?"

"తీసినారు. మూతి మీదికే పెట్టినారు. తలొంచుకున్యా." గోపన్న ఒక్కసారి ఇటు తిరిగాడు. "అది సూపిచ్చరు గదా సార్?"

జ్ఞానేశ్వర్ లేచి సీఐ గదిలోకి వెళ్ళాడు.

దావీదురాజు ఒకప్పుడు కడపలో అతని కింద ఎస్సైగా పని చేశాడు. ఇప్పుడు కుర్చీ దావీదురాజుది. జ్ఞానేశ్వర్‌ను చూసి లేవలేదు గాని, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

"రా అన్నా. ముసలామె సంతకం తెచ్చినావా?"

"తేలేదు. ఆ వాఙ్మూలం చెల్లదు. గోపన్నను వదిలెయ్."

"నీ రిపోర్టు చూసే గదా తెచ్చింది."

"విచారించమని రాసినా. చెయ్యి విరచమని రాయలే."

దావీదురాజు నవ్వాడు. "నువ్వు కడపలో ఉన్నెప్పుడు లాకప్పులో భజన చేపిస్తాంటివా అన్నా? నేను నేర్చుకున్నెదంతా నీ కాణ్ణే."

తలుపు దగ్గరున్న కానిస్టేబుళ్ళు ఇద్దరూ నేల చూపులు చూశారు. అది నిజం కాదనడానికి జ్ఞానేశ్వర్ దగ్గర ఏమీ లేదు.

"గురువారం చర్చిలో పెండ్లికి నువ్వూ పోయినావు గదా దావీదూ?" అని మాత్రం అడిగాడు.

"పోయినా. మా సంఘమే గదా."

"ఎన్నింటికి తిన్నావు?"

"రెండుంబావు. ఎందుకు?"

"గోపన్న కూడా రెండుంబావుకు ఆ పందిట్లోనే ఉన్నాడు. వీడియో తెప్పించి చూడు. ఒక బంతిలో నువ్వుంటావు, ఇంకో బంతిలో వాడుంటాడు. చంపినాడని నువ్వు చెప్పే టైములో వాడు వేరేచోట ఉన్నాడనేదానికి సాక్షివి నువ్వే."

దావీదురాజు నవ్వు ఆగిపోయింది. చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు. "అయితే ఎవరొచ్చినారు? గాల్లో ఎగిరొచ్చినారా? ఆ వీధిలోకి బండే రాలేదంటివి గదా."

"వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చింది. ఎలక్ట్రిక్ స్కూటర్."

దావీదురాజు కడుపు పట్టుకుని నవ్వాడు. "అన్నా, కర్నూల్లో అట్లాంటి బండెక్కి తిరిగే మగోడివి నువ్వొక్కడివే!"

ఈసారి కానిస్టేబుళ్ళు కూడా నవ్వారు. జ్ఞానేశ్వర్ చెవులు కాలిపోయాయి. "రా. సైట్ చూపిస్తా. అప్పుడు నవ్వుదువు గాని" అని లేచాడు.

పదకొండున్నరకు కేశవయ్య కొత్తింటి గేటు ముందు ఇద్దరూ నిలబడ్డారు. దావీదురాజు జీపు రోడ్డు మీద ఆగింది. దానికి పది నిమిషాల వెనక వచ్చిన స్కూటర్ గోడ పక్కన ఉంది. కేశవయ్య చనిపోయిన రోజు నుంచి పని ఆగిపోయింది. గేటు దగ్గర ఏటవాలుగా వేసిన సిమెంటు రాయిలా గట్టిపడింది. దాని మీద రెండు గీతలు, ఒకదాని పక్కన ఒకటి.

"ఇది శుక్రవారమే చూసినాం గదా," అన్నాడు దావీదురాజు. "కూలోల్ల తోపుడు బండి."

"నేనూ అదే అనుకున్నా. తోపుడు బండి తానే పోతాదా? వెనక తోసేవాని అడుగులు పడాల గదా. యాడుండాయి?"

దావీదురాజు వంగి చూశాడు. అడుగులు లేవు.

"మనిషి ఎక్కి కూర్చుని నడిపిన బండి ఇది. ఈ గీత చూడు, అర అంగుళం లోతుండాది. లోపలికి పోయేటప్పుడు సిమెంటు పచ్చిగా ఉండాది. ఈ రెండోది గోటి మందం కూడా లేదు. బయటికొచ్చేటప్పటికి బిగుసుకుంది. మేస్త్రీ పని ముగించింది ఒకటిన్నరకు. ఈ ఎండకు లెక్క కడితే, వచ్చింది రెండుంబావుకు అటూ ఇటూ, పోయింది మూడు దాటినంక. ముప్పావు గంట లోపలుండారు."

"పెట్రోల్ స్కూటర్ కావచ్చు గదా? ఆ టైరూ ఇంతే ఉంటాది."

"సైకిల్ బెల్లు మోగినా వినే మనిషి ఎదురింట్లో ఉండాది. పెట్రోల్ బండి రెండుసార్లు స్టార్టయితే వినదా?"

దావీదురాజు గడ్డం గోక్కున్నాడు. మొదటిసారి అతని గొంతులో వెటకారం తగ్గింది. "సరే. వెడల్పు సరిపోతాదేమో చూపించు. బండి ఉండనే ఉంది గదా."

జీపులోంచి పొడుగాటి పాత పోస్టరు తెచ్చి నేల మీద బోర్లా పరిచారు. నీళ్ళతొట్టి దగ్గర బురదలో జ్ఞానేశ్వర్ స్కూటర్ ముందు చక్రాన్ని తిప్పి, కాగితం మీదుగా మెల్లగా నడిపించాడు. టేపు తీసి మూడంగుళాల వెడల్పు కొలిచాడు. సిమెంటులోనూ మూడంగుళాలే. అదే సమయంలో దావీదురాజు ఫోన్ మోగింది. మాట్లాడుతూ అతను గేటు అవతలికి నడిచాడు.

జ్ఞానేశ్వర్ మోకాళ్ళ మీద వంగి కాగితాన్ని ఇంకోసారి చూశాడు. టైరు ముద్రకు ఎడమ అంచున ఒకచోట బురద అంటలేదు. చింతగింజంత ఖాళీ. అంత మేర రబ్బరు ఊడిపోయి ఉండాలి. కాగితం చివర మళ్ళీ అలాంటిదే ఇంకొకటి. రెంటికీ మధ్య నాలుగడుగుల మూడంగుళాలు, చక్రం ఒక చుట్టు తిరిగినంత దూరం.

సిమెంటు వైపు తిరిగాడు. లోతైన గీత ఎడమ అంచున చింతగింజంత బొడిపె ఉంది. వేలితో తడిమాడు. టేపు పరిచాడు. నాలుగడుగుల మూడంగుళాల దగ్గర ఇంకో బొడిపె.

స్కూటర్ చక్రం తిప్పి చూడాల్సిన అవసరం లేదు. అయినా తిప్పాడు. ఎడమ అంచున, రబ్బరు ఊడినచోటు అతని ఎదురుగా వచ్చి ఆగింది.

గురువారం అతను కర్నూల్లో లేడు. కృపమణి నష్టపరిహారం కేసు కోసం తెల్లవారే బస్సెక్కి కడప కోర్టుకు వెళ్ళాడు. బండి ఇంట్లో ఉంది. తాళం చెవి వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడుతూ ఉంది. బుధవారం రాత్రి నిండా ఛార్జింగ్ పెట్టిన బండి, శుక్రవారం ఉదయం రెండు కిలోమీటర్లు పోకుండానే నడిరోడ్డు మీద ఎందుకు ఆగిపోయిందో అతనికి ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు కరెంటు వాళ్ళను తిట్టుకుంటూ తోసుకుపోయాడు. శుక్రవారం సాయంత్రం, శ్రీవిద్య పని అప్పగించిందని ఇంట్లో చెప్పినప్పుడు, సుచరిత గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరక్కుండా, "ఈ కేసు మీకొద్దు. వేరేవాళ్ళకు చెప్పమనండి" అంది. యజమాని ఇంటి వ్యవహారమని మొహమాటపడుతోంది కాబోలు అనుకున్నాడు.

"ఏమన్నా, సరిపోయిందా?" దావీదురాజు ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు.

జ్ఞానేశ్వర్ కాగితాన్ని బురద లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టాడు. "వెడల్పు సరిపోయింది."

అది అబద్ధం కాదు.

"ఇంకేమన్నా కనపడిందా?"

"లేదు."

మడత జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో సాక్ష్యాలు మాయం చేసినవాళ్ళను ఎందరినో చూశాడు. చెయ్యి ఇంత చల్లబడుతుందని వాళ్ళెవరూ చెప్పలేదు.

"అయితే డీలర్ కాడ ఈ బండ్లు కొన్నోల్ల లిస్టు తెప్పిస్తా," అన్నాడు దావీదురాజు జీపెక్కుతూ. "మొదటి పేరు నీదే ఉంటాది చూడన్నా!"

జ్ఞానేశ్వర్ కూడా నవ్వాడు. జీపు మలుపు తిరిగేదాకా ఆ నవ్వు అలాగే పెట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికి ఏడు కిలోమీటర్లు. హ్యాండిల్ ఎంత తిప్పినా బండి ఇరవై ఐదు దాటలేదు.

షాపు మూసేసినందువల్ల సుచరిత ఇంట్లోనే ఉంది. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అతను ఏమీ అనకుండా ఆమె ముందు కాగితం విప్పి పరిచాడు. ఆరిన బురద పొడిపొడిగా నేల మీద రాలింది.

"గురువారం బండి యాడికి తీసుకుపోయినావు?"

ఆమె కాగితం చూసింది. చేట పక్కన పెట్టింది. "గోపన్న చెయ్యి విరిగిందంట. నిజమేనా?"

"అడిగినదానికి చెప్పు."

"కల్లూరికి."

ఆ ఒక్క మాటతో అతను గుమ్మంలోనే కూర్చున్నాడు. సుచరిత గొంతు తగ్గించకుండా, పెంచకుండా చెప్పింది.

"బాత్రూం టైల్స్ నాలుగు రకాలు పట్టుకొని రమ్మన్నాడు. మేడం కూడా ఉంటాదన్నాడు. బరువు గదా అని బండి తీసుకుపోయినా. గేటు కాడ సిమెంటు పచ్చిగుందని చూసుకోలే. మేడం లేదు. పైకి రా, గోడకు పెట్టి చూపించు అన్నాడు. చూపిస్తాంటే చెయ్యి పట్టుకున్నాడు. గుంజుకున్నా. నీ మొగుడేమన్నా సీఐ అనుకుంటాండావా ఇంకా, అన్నాడు. రెండు చేతులతో తోసినా. ఆ మెట్లకు పిట్టగోడ లేదు."

"ముప్పావు గంట ఏం చేసినావు?"

"కిందికొచ్చి పిలిచినా. తొట్లో నీళ్ళు తెచ్చి మొఖాన చల్లినా. ఊపిరి పోయిందని తెలిసినంక కూడా లేవలేకపోయినా. టైల్స్ ఏరుకొని వచ్చేసినా."

"ఎదురింట్లో ప్రమీలమ్మ ఉంది. ఒక్క కేక వేసి ఉంటే..."

"వేస్తే నలుగురొస్తారు. మిట్టమధ్యాహ్నం ఒక్కదానివే ఈడకెందుకొచ్చినావు అంటారు. సిగ్గేసింది."

"నాకన్నా చెప్పాల్సింది."

"ఎట్ల చెప్పేది? మీరు కడప నుంచి వచ్చి, కృపమణి ముఖం చూడలేకపోయినా అని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ మనిషికి నేనింకేం చెప్పాల?"

జ్ఞానేశ్వర్‌కు ఏడుపు రాలేదు. దానికి ముందే అతనిలోని పాత సీఐ లేచి కూర్చున్నాడు. గొంతు వేగంగా, పొడిగా వచ్చింది.

"విను. నిన్నెవరూ చూడలేదు. ఈ కాగితం కాల్చేస్తా. టైరు సాయంత్రంలోగా మార్పిస్తా. వీడియో వస్తే గోపన్న ఎట్లాగూ బయటికొస్తాడు. తర్వాత ఈ కేసు ఎటూ తేలకుండా..."

సుచరిత అతన్నే చూస్తోంది. అతను ఆగిపోయాడు.

"కమలాపురంలో అయినప్పుడు కూడా ఇట్లే చెప్పినారు," అంది ఆమె. "జీపు నడిపింది డ్రైవర్ కానిస్టేబులే అని రాయిస్తానన్నారు. నేను తలూపినా. మూడో రోజు, నిజం ఇంకా బయటపడకముందే, అతని భార్య మనింటికొచ్చి వాకిట్లో నిలబడింది. ఎండలో గంటసేపు. నేను కిటికీలోంచి చూసినా. తలుపు తీయలే."

అతనికి ఆ సంగతి ఇంతవరకు తెలియదు.

"ఇప్పుడు స్టేషన్ ముందర ఈరక్క కూర్చోనుందంట. రోజూ అన్నం తీసుకుపోతాందంట. నేను మూడు రాత్రులుగా పడుకోలే."

టైము ఒకటీ నలభై. ఫోన్ మోగింది. దావీదురాజు.

"అన్నా, మన పని అయిపాయ!" గొంతు ఉత్సాహంగా ఉంది. సుచరితకు కూడా వినిపించింది. "గోపన్న ఒప్పుకున్నాడు. ఎడంచేతి వేలిముద్ర వేసినాడు. సాయంత్రం నాలుగున్నరకు మెజిస్ట్రేటు ముందర పెడతాండాం."

"ఒప్పుకున్నాడా? వాడు పెండ్లిలో ఉన్నాడని చెప్పినా గదా!"

"అదే తమాషా. వీడియో తెప్పిస్తాండా, ఏసుబాబును, నీ పెండ్లాన్ని పక్కన కూర్చోబెట్టి చూపించి గుర్తుపట్టిస్తా అన్నా. కాళ్ళ మీద పడినాడు. ఆ వీడియో వద్దు సార్, నేనే చంపినా అని రాసుకోండి అన్నాడు."

జ్ఞానేశ్వర్ కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు చెయ్యాల్సిందేమీ లేదు. ఫోన్ పెట్టేస్తే చాలు. సుచరిత అతని నోటి నుంచి ఏమొస్తుందో అని చూస్తోంది.

"ఆ కాగితం పక్కన పెట్టు దావీదూ. బండి దొరికింది."

"దొరికిందా! ఎవరిది?"

"నాది."

"ఏం మాట్లాడతాండావన్నా? గురువారం నువ్వు కడపలో ఉంటివి గదా."

"నేనుండా. బండి లేదు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు వినిపించాయి. మళ్ళీ వచ్చిన దావీదురాజు గొంతులో నవ్వు లేదు, పోటీ లేదు. "అన్నా, నువ్వేం చెప్పలే. నేనేం వినలే. ఆ టైరు మార్చెయ్. ఈడ వేలిముద్ర పడిపోయింది. వదినమ్మను తలుచుకో."

"ఐదు నిమిషాల కింద నేనూ ఇదే మాట చెప్పినా."

"ఎవరికి?"

"మీ వదినకే. ఒప్పుకోలేదు."

దావీదురాజు మాట కోసం జ్ఞానేశ్వర్ ఆగలేదు.

"సైట్ కాడ సిమెంటుకు ఒక కానిస్టేబుల్‌ను కాపలా పెట్టు," అన్నాడు జ్ఞానేశ్వర్. "ఆ ముద్రలు నా బండివేనని తెలిసీ నీ ముందర దాచినా. అదీ రాసుకో. గోపన్న చేతికి ముందు కట్టు కట్టించు. వీడియో సంగతి ఈరక్క చెవిన పడితే మాత్రం నేను నిన్ను వదలను. మేము వస్తాండాం."

ఫోన్ పెట్టేశాడు. స్కూటర్ ఇంక సాక్ష్యం, ఎక్కకూడదు. దాన్ని మెట్ల కింద పెట్టి తాళం వేశాడు. సుచరిత పొయ్యి మీదున్న ఎసరు దించి, చీర మార్చుకుని, చెప్పులేసుకుంది.

"ఎన్నేండ్లు పడతాది?" అని అడిగింది.

"తెలీదు. ఉన్నదున్నట్టు చెప్తే... తెలీదు."

మెయిన్ రోడ్డు దాకా ఇద్దరూ మాట్లాడుకోకుండా నడిచారు. షేర్ ఆటో ఆగింది. లోపలున్న ఇద్దరు ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. సుచరిత వాళ్ళ మధ్య కూర్చుంది. జ్ఞానేశ్వర్ డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు.

"యాడ దిగుతారక్కా?"

"పోలీస్ స్టేషన్ కాడ."

డ్రైవర్ అద్దంలోంచి ఆమెను చూశాడు. "అయ్యో. ఇంట్లో ఏమన్నా పోయిందా అక్కా?"

"ఏం పోలేదప్పా," అంది సుచరిత. "చెప్పాల్సిందొకటి ఉండాది. రోంత తొందరగా పోనీ."